రౌతు లేని గుర్రం

ఆ రోజు వేలంలో నేను అనవలసినవి రెండే మాటలు. "నో సేల్" అంటే చాలు, గుర్రం అమ్ముడుపోకుండా నా దగ్గరే ఉండేది. అనలేదు. గుర్రాన్ని నాకిచ్చిన ఆవిడకు ఆ సంగతి ఏళ్ళ తరబడి చెప్పలేదు. చెప్పకపోగా అది సుఖంగా ఉందని నమ్మించాను.

వర్జీనియాలో మేముండే ఆష్‌బర్న్‌లో ఈ కథ నా నోట విన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పుట్టినరోజు పార్టీల్లో కొత్తవాళ్ళెవరైనా కనిపిస్తే, "ఈయనకి రెడ్ ఇండియన్స్ గుర్రాన్ని గిఫ్ట్ ఇచ్చారు, తెలుసా?" అని నన్ను ముందుకు తోసేవారు. నేను చెప్పిన కథ గుర్రం పగ్గం నా చేతికి రావడంతో ముగిసేది. "అయితే బాస్, అశ్వమేధం ఎప్పుడు?" అని ఒక మిత్రుడు ప్రతిసారీ అడిగేవాడు. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి. ఆ యాగం చివర గుర్రానికి ఏమవుతుందో అతనికి గుర్తుండి ఉండదు. నేను చెప్పకుండా మింగిన సగం ఇది.

రెండు వేల ఐదులో నాకు తూర్పు ఆరెగాన్‌లో కాంట్రాక్టు దొరికింది. ఒక పెద్ద గిడ్డంగిలో సరుకు కదలికలు చూసే సాఫ్ట్‌వేర్, సాయంత్రం షిఫ్టు. ఆరెగాన్ అంటే వానలు, అడవులు అనుకుని బయల్దేరాం నేనూ నా భార్యా. ఆ పక్కన అవేవీ లేవు. గోధుమ చేలు, చేల వెనక చెట్టన్నది లేని గుండ్రటి కొండలు, వాటి వెనక బ్లూ మౌంటెన్స్. కాంట్రాక్టు ఆర్నెల్లకోసారి పొడిగించేవారు. ఏడాది లీజు రాయకుండా అపార్ట్‌మెంటు ఇచ్చేవాళ్ళు దొరకలేదు. చివరికి పెండ్లటన్ ఊరి బయట, ఆదివాసులకని కేటాయించిన రిజర్వేషన్ నేలలో, ఒక పెద్దావిడ తన ఇంటి ఎదురుగా ఉన్న రెండు గదుల ఇల్లు చూపించింది. రెండిళ్ళకీ మధ్య గుర్రాలు మేసే బీడు. బీడు చివర నది.

ఆమె కైయూస్ తెగ మనిషి. వయసు డెబ్భైకి దగ్గర. తాళంచెవి చేతికిచ్చే ముందు నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"ఇండియా నుంచా?"

అవునన్నాను.

"మీ ఊరికని బయల్దేరి దారి తప్పినవాళ్ళు మీ పేరు మాకు తగిలించి పోయారు. ఇన్నాళ్ళకి అసలువాడు దొరికావు. అద్దెతో పాటు ఆ పేరుకి కూడా కట్టు."

అలవాటుకొద్దీ ఆమెను "ఆంటీ" అన్నాను. నా భార్య మోచేత్తో పొడిచి, "ఇక్కడ అలా పిలవకూడదేమోనండీ, ఫీలవుతారు" అంది తెలుగులో. అడిగి విషయం తెలుసుకున్న ఆవిడ తలాడించింది. "పిలవనీ. మా దగ్గరా పెద్దవాళ్ళని వరస పెట్టే పిలుస్తారు. కాకపోతే పిలిచాక ఆ వరసకి నిలబడాలి."

ఆ మాట అప్పుడు నాకు సరదాగానే వినిపించింది.

ఇంట్లో దిగిన వారానికి నా భార్య పులిహోర చేసి ఇచ్చి రమ్మంటే వెళ్ళాను. ఆమె వంటగట్టు మీద ఉత్త గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. కెటిల్ లేదా అని అడిగితే ఆమె నవ్వి, ఒక కథ చెప్పింది. రెండు వందల ఏళ్ళ కిందట ఇద్దరు తెల్ల కెప్టెన్లు మనుషుల్ని వెంటబెట్టుకుని సముద్రం దాకా వెళ్ళి, చిక్కి శల్యమై తిరిగొచ్చారట. తమ బంధువుల తెగ పెద్ద ఒకాయన ఆ కెప్టెన్లలో ఒకతనికి మంచి తెల్ల గుర్రాన్ని ఇచ్చి, బదులుగా ఒక కెటిల్ అడిగాడు. కెటిళ్ళన్నీ అయిపోయాయన్నారు వాళ్ళు. కత్తి ఒకటి ఇచ్చి, గుర్రమెక్కి పోయారు.

"అప్పట్నుంచి ఎదురు చూస్తున్నాం, కెటిల్ వస్తుందేమోనని."

ఇంటికొచ్చి ఆ కథ చెబితే నా భార్య ఆ శనివారమే షాపుకి వెళ్ళి, పొయ్యి మీద పెట్టే ఎర్ర కెటిల్ కొనుక్కొచ్చింది. దాన్ని చేతుల్లోకి తీసుకుని ఆంటీ చాలాసేపు నవ్వింది. ఎవరొచ్చినా "ఇదుగో, ఇండియా వాళ్ళు తెచ్చారు. ఆలస్యమైనా తెచ్చారు" అని చూపించేది.

ఆ ఇంట్లో ఇంకొకాయన ఉండేవాడు, ఆమె తమ్ముడు. గుర్రాలన్నీ ఆయనవే. ఆయనకు మూత్రపిండాలు చెడిపోయి వారానికి మూడు రోజులు డయాలసిస్ చేయించుకోవాలి. ఆంటీ ట్రక్కు మొరాయించిన ఒక పొద్దున ఆయన్ని నా కార్లో తీసుకెళ్ళాను. నాకు పొద్దుటి పూట పని లేదు. ట్రక్కు బాగుపడినా ఆ పని నాకే ఉండిపోయింది.

"ఏం డ్రైవరూ, ఇవాళ నన్ను ఎంత ఆలస్యంగా చేర్చుదామని?" అనేవాడు కారెక్కుతూనే. నా పేరు ఆయన నోరారా పలికిన గుర్తు లేదు.

ఆ ఏడాది ఊళ్ళో దీపస్తంభాలకి ఆ ఇద్దరు కెప్టెన్ల బొమ్మలతో జెండాలు కట్టారు, వాళ్ళు వచ్చి రెండు వందల ఏళ్ళయిందని. ఆయన వాటిని చూసి ఒకసారి అన్నాడు:

"మా గుర్రాలు చాలా బాగున్నాయని వాళ్ళు పుస్తకాల్లో రాసుకున్నారట. బాగున్నాయని రాసుకుని, దారిలో కొన్నవాటిల్లో కొన్నింటిని కోసుకు తిన్నారు. ఆకలి మరి. నేను తప్పు పట్టను."

తన తెగకి గుర్రం ఎలా వచ్చిందో కూడా ఆ దారిలోనే చెప్పాడు. దక్షిణాన శత్రువుల మీదికి వెళ్ళినవాళ్ళకి, ఆ శత్రువులు దుప్పుల్లాంటి పెద్ద జంతువుల మీద కూర్చుని తిరగడం కనిపించిందట. వెళ్ళినవాళ్ళు యుద్ధం మానేశారు. తమ దగ్గరున్నవన్నీ ఇచ్చేసి ఒక జంటను తెచ్చుకున్నారు. కొన్ని తరాలకి ఈ కొండల మీద గడ్డి కన్నా గుర్రాలే ఎక్కువ కనిపించేవని, దూరం నుంచి చూస్తే కొండే నడుస్తున్నట్టుండేదని వాళ్ళ తాత అనేవాడట. చివరికి తెల్లవాళ్ళు పొట్టి గుర్రాలన్నిటికీ ఈ తెగ పేరే పెట్టేశారు. తర్వాత్తర్వాత ఎందుకూ కొరగాని గుర్రాన్ని కూడా కైయూస్ అనడం మొదలెట్టారు.

"మా భాష పోయింది. మా అమ్మమ్మకి నాలుగు మాటలు వచ్చేవి, మేం పక్క తెగ భాషలో బతుకుతున్నాం. మా పేరు మిగిలింది, అదీ మచ్చల గుర్రం మీద" అని తనే నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మచ్చల గుర్రం అంటే బీడులో ఉన్న ఆడగుర్రం. ఒళ్ళంతా ముదురు గోధుమ రంగు, వెనక తొడల మీద పాలు చిందినట్టు తెల్లటి మచ్చలు. ఆయన నాన్న చిన్నతనంలో, గుర్రాలు మరీ ఎక్కువయ్యాయని, గోధుమ పండే నేల పాడు చేస్తున్నాయని వాటిని మందలు మందలుగా తోలుకుపోయి రైలు పెట్టెల్లోకి ఎక్కించారట. కోళ్ళ మేతకీ కుక్కల డబ్బాల్లోకీ. అప్పుడు వాళ్ళ నాన్న ఒక ఆడగుర్రాన్ని కొండ సందులో దాచాడు. ఆ దాచిన గుర్రం కడుపున వరసగా దిగివచ్చినది ఇది. ఆ వరసలో మిగిలినది ఇదొక్కటే.

"ఎదురుగా నిలబడకు. భుజం పక్కన నిలబడు. ఊపిరి వదులు, దాచుకోకు" అని నన్ను దాని పక్కన నిలబెట్టేవాడు. ఎక్కమంటే మాత్రం నేను ఎక్కలేదు. పడితే కాలు విరుగుతుంది, కాంట్రాక్టరు ఇన్సూరెన్స్‌కి డిడక్టిబుల్ ఎక్కువ, ముందు బోలెడు నా చేతి నుంచే పెట్టుకోవాలి అన్నాను.

"మావాళ్ళు నడక కన్నా ముందు గుర్రం నేర్చేవారు. నువ్వు గుర్రం కన్నా ముందు ఇన్సూరెన్స్ నేర్చావు" అన్నాడు. "నాకు ఓపిక ఉన్నప్పుడే ఎక్కు డ్రైవరూ. రౌతు లేని గుర్రాన్ని లోకం మాంసం కిందే లెక్కగడుతుంది."

రెండేళ్ళు ఆయన్ని తిప్పాను. ఒక చలికాలం డయాలసిస్ కుర్చీలోనే గుండె ఆగిపోయి ఆయన పోయాడు.

ఏడాది మైల గడిచాక ఆంటీ మమ్మల్ని లాంగ్‌హౌస్‌కి రమ్మంది. లాంగ్‌హౌస్ అంటే వాళ్ళు ప్రార్థనలకీ భోజనాలకీ కూడే పొడవాటి పెద్ద ఇల్లు. ముందు అందరూ ఒక గుక్క నీళ్ళు తాగి భోజనం మొదలుపెట్టారు. సాల్మన్ చేప, దుప్పి మాంసం, దుంపలు, అడవి పళ్ళు. మాకోసమని ఎవరో దుంపలు ఎక్కువ వడ్డించారు. తరవాత పోయినాయన వస్తువులు ఒక్కొక్కటీ పంచిపెట్టారు. దుప్పట్లు, చొక్కాలు, జీను, పనిముట్లు. ఆ ఇంట ఆయనవి ఏవీ మిగలనివ్వరు. చివర ఆంటీ నా దగ్గరకొచ్చి, మచ్చల గుర్రం పగ్గం నా చేతిలో పెట్టింది. తమ్ముడు అలాగే చెప్పి పోయాడట.

తీసుకున్నవాడు లేచి నిలబడి, పోయిన మనిషి తనకేమవుతాడో నలుగురికీ చెప్పాలి. అంతమందిలో నాకు నోరు పెగల్లేదు. థాంక్యూ అని కూర్చున్నాను.

ఇక్కడే నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. పోయినవాళ్ళ పేరు మీద ఇచ్చే దానం నాకు ఒకే రూపంలో తెలుసు. మా నాన్న పోయినప్పుడు రేవు దగ్గర గోదానం చేశాను. పురోహితుడు ఒక ఆవును తెచ్చాడు. నేను తోక పట్టుకున్నాను, మంత్రం చెప్పారు, ఆవు ఆయనది అయిపోయింది. నా వెనక నిలబడ్డ ఇంకో కుటుంబం అదే ఆవు తోక పట్టుకుంది. పొద్దువాలేలోపు ఆ ఆవు ఎన్ని దానాలయిందో దానికే తెలియాలి. ఇచ్చిన క్షణాన పుణ్యం పూర్తవుతుంది. పుచ్చుకున్నవాడు దాన్ని ఏం చేసుకున్నాడని అడిగేవాడు ఉండడు. గుర్రాన్ని కూడా నేను ఆ లెక్కలోనే అందుకున్నాను.

వాళ్ళ లెక్క వేరు. ఉన్నవాటిల్లో మంచిదే ఇవ్వాలి. తీసుకున్నవాడు పోయినవాడి చోటున నిలబడ్డట్టు. గుర్రం ఈనితే పిల్ల ఎప్పటికైనా ఇచ్చినవాళ్ళ బీడుకి తిరిగొస్తుంది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అని వాళ్ళకి తోచి ఉండదు.

గుర్రం ఆంటీ బీడులోనే మేసేది, పేరుకి నాది. ఆ ఏడు చివర, రెండు వేల ఎనిమిదిలో, దేశమంతా కంపెనీలు ఖర్చులు కోస్తున్నప్పుడు నా కాంట్రాక్టు ఆగిపోయింది. వీసా మీద ఉన్నవాడికి ఖాళీగా కూర్చునే వీలు లేదు. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక క్లయింటు దొరికాడు. వెంటనే రమ్మన్నాడు.

"గుర్రాన్ని ఆంటీకే వదిలేద్దామండీ. ఉన్నచోటే ఉంటుంది, సింపుల్" అంది నా భార్య.

"ఇచ్చినదాన్ని మొహాన కొడతామా? చచ్చిపోయినాయన పేరు మీద ఇచ్చింది. దానం తిరిగి ఇస్తే అరిష్టం. ఆవిడ ఎంత బాధపడుతుంది?"

"ఒక్కసారి అడిగి చూడండి, పోనీ."

"కొన్ని అడక్కూడదు."

"మీ మొహమాటంతో ఏదో ఒకరోజు ఎవరి ప్రాణం మీదికో తెస్తారు" అంది. సూట్‌కేసు మూస్తూ విసుగ్గా అన్న మాట అది.

అడిగి ఉంటే ఆంటీ, "ఉండనీ, నీ గుర్రమే, నేను చూసుకుంటాను" అనేది. ఆ మాట తరవాత ఆమే అంది. నేను మాత్రం వెళ్ళి, గుర్రాన్ని వర్జీనియా తీసుకెళ్తున్నానని చెప్పాను. ఆ నిమిషానికి అది పూర్తిగా అబద్ధం కాదు. దేశం ఈ కొస నుంచి ఆ కొసకి గుర్రాన్ని చేర్చేవాళ్ళని నిజంగానే వాకబు చేస్తున్నాను. ఆంటీ మొహం వెలిగిపోయింది. "ఆ కెప్టెన్లు తూర్పుకి తోలుకుపోయారు మా గుర్రాల్ని. ఇది మాత్రం నీతో వెళ్తుంది" అంది. ఆ వెలుగు చూశాక వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు. చేర్చేవాళ్ళు అడిగిన సొమ్ము నాకు అందేది కాదని తెలిసిన రోజున కూడా ఆమెకు ఏమీ చెప్పలేదు.

గుర్రాల ట్రెయిలర్ ఉన్న ఒకతన్ని పిలిచాను. వర్జీనియాకి తోలుకెళ్ళేవాడని ఆంటీ అనుకుంది. తమ్ముడు స్వయంగా అల్లిన తలతాడు తెచ్చి గుర్రానికి తొడిగింది. దాని మెడ మీద చెయ్యి పెట్టి, నాకు తెలియని భాషలో ఏదో చెప్పింది. ట్రెయిలర్ మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది. మేం నేరుగా గుర్రాల వేలానికి వెళ్ళాం.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ తల ఎత్తకుండా అడిగింది: "ఎక్కి వస్తారా, వదిలేస్తారా?"

నాకు అర్థం కాలేదు. నా వెనక నిలబడ్డ ముసలి రైతు చెప్పాడు. గుర్రాన్ని ఎవరైనా ఎక్కి బరిలో తిప్పితే స్వారీకి కావలసినవాళ్ళు కొంటారు. ఎవరూ ఎక్కకుండా వదిలేస్తే తూకానికి పోతుంది.

"తూకానికి అంటే?"

"కొత్తవాడివా నాయనా?" అన్నాడు. ఈ దేశంలో గుర్రాల కబేళాలు అప్పటికి మూతపడ్డాయి, ఇప్పుడు ట్రక్కుల్లో ఉత్తరాన కెనడాకి పంపుతున్నారని చెప్పాడు.

"నువ్వు ఎక్కవా? మంచి పిల్లలా ఉంది, నిలకడగా ఉంది."

నాకు రాదన్నాను.

"మరి ఎందుకు పెట్టుకున్నావు గుర్రాన్ని?"

తలతాడు విప్పి నా చేతికిచ్చారు. మచ్చల గుర్రం ఒక్కతే బరిలోకి వచ్చింది. ఇసుకలో ఒక చుట్టు తిరిగి, జనం ఉన్నవైపు కాకుండా నేను నిలబడ్డ కమ్మీ దగ్గరకి వచ్చి, భుజం నా వైపు పెట్టి నిలబడింది. ఆయన నేర్పింది నాకొక్కడికే కాదు, దానికీ నేర్పాడు. వేలం వేసేవాడు ధర అరుస్తున్నాడు. పై వరసలో టోపీ పెట్టుకున్న తూకం బేరగాడొకతను తప్ప ఎవరూ వేలు ఎత్తలేదు. వేలం వేసేవాడు నా వైపు తిరిగి, "ఓనరుగారూ, ఇస్తున్నారా?" అన్నాడు. ఇష్టం లేకపోతే "నో సేల్" అనొచ్చని ముసలాయన నా చెవిలో చెప్పాడు కూడా.

అలా అంటే గుర్రాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి? చెయ్యి ఊపిన మనిషి దగ్గరికి ఏ మొహంతో? మర్నాడు విమానం. నేను తల ఊపాను. ఆ చెక్కు తీసుకున్నాను, మార్చుకున్నాను కూడా. వెనకవైపు పొడవాటి ట్రక్కు ఆగి ఉండటం చూశాను. ఎక్కించేదాకా ఉండలేదు.

ఆంటీ రెండు మూడు నెలలకోసారి ఫోన్ చేసేది. "పిల్ల ఎలా ఉంది?" పిల్ల అంటే గుర్రం. కంచె ఉన్న పచ్చిక, పక్కన ఇంకో రెండు గుర్రాలు, బాగా ఒళ్ళు చేసింది అని చెప్పేవాణ్ణి. మా ఇంటి చుట్టూ డేటా సెంటర్ల గోడలు తప్ప గడ్డి లేదు. నా భార్య ఆ ఫోన్లు మోగినప్పుడు వేరే గదిలోకి వెళ్ళిపోయేది. "చెప్పెయ్యండి. ఇంకెన్నాళ్ళు మేపుతారు దాన్ని, గాల్లో?" అని ఒకసారి అంది.

ఒక వసంతంలో ఆంటీ గొంతు తగ్గించి అడిగింది: "ఏమైనా ఈనిందా?"

లేదు అంటే సరిపోయేది. లేదు అన్న మాట ఆమెకి ఎంత బరువో తెలిసినవాణ్ణి కనుక, అవును అన్నాను. ఆడపిల్ల, తొడల మీద మచ్చలున్నాయి అన్నాను. "నాన్న దాచినది పోలేదన్నమాట" అంది ఆంటీ. ఆ ఆదివారం లాంగ్‌హౌస్‌లో అందరికీ చెప్పిందట. ఫోన్ పెట్టేశాక నేను గరాజ్‌లోకి వెళ్ళి, కారెక్కి, స్టార్ట్ చెయ్యకుండా కూర్చున్నాను.

ఆమె దగ్గరున్న మిగతా గుర్రాలు ముసలివైపోయి ఒక్కొక్కటీ పోయాయి. రెండు వేల పదిహేను ఎండాకాలంలో ఆమె ఫోన్ చేసింది. "బీడు ఖాళీ అయింది. పిల్లపిల్లను పంపించు. మనవడు ట్రెయిలర్ వేసుకుని వర్జీనియా వస్తానంటున్నాడు. నేను పోయేలోపు ఒకసారి అది ఈ నదిలో నీళ్ళు తాగడం చూడాలి."

మనవడిని పంపొద్దు, నేనే వస్తున్నానని చెప్పి టికెట్ బుక్ చేశాను. తలతాడు బ్యాగులో పెట్టుకున్నాను.

ఆంటీ బీడు కంచె కొత్తగా బాగుచేయించింది. కొత్త నీళ్ళ తొట్టి నిండుగా ఉంది, దాంట్లో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆమె కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, నా వెనక దారి వైపు చూసింది, ఇంకా ట్రెయిలర్ ఏదైనా వస్తుందేమోనని.

"ముందొచ్చావా? మంచిది. టీ తాగు."

ఎర్ర కెటిల్ అలాగే ఉంది, అడుగు నల్లబడింది. ఆమె నీళ్ళు పెడుతూ అడిగింది: "పిల్లపిల్ల ఫోటో తెచ్చావా?"

నేను తలతాడు తీసి బల్ల మీద పెట్టాను. గుర్రాల మనిషికి అంతకన్నా చెప్పనక్కర్లేదు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. పొయ్యి ఆపేసి ఎదురుగా కూర్చుంది. నేను చెప్పాను. వేలం, బరి, తల ఊపడం, ఫోన్లో అల్లిన పచ్చిక, పుట్టని పిల్ల. అన్నీ విన్నాక ఒకటే అడిగింది:

"రైలా, ట్రక్కా?"

"ట్రక్కు."

తల ఊపింది, ఏదో లెక్క సరిపోయినట్టు.

"ఉండనీ అనేదాన్ని కదా. ఒక్క మాట అడిగి ఉంటే, నీ గుర్రమే, ఉండనీ, నేను చూసుకుంటాను అనేదాన్ని."

"ఆంటీ, నన్ను..."

"ఇక్కడ కాదు" అంది. "తీసుకున్నప్పుడు నలుగురి ముందు తీసుకున్నావు. పిల్ల పుట్టిందని నేను నలుగురికీ చెప్పాను. రేపు ఆదివారం. అక్కడికి రా."

టీ పొయ్యలేదు. నేను అడగలేదు.

మర్నాడు లాంగ్‌హౌస్‌లో నేల మీద బారుగా పరిచిన చాపల ముందు కూర్చున్నాం. మొదటి గుక్క నీళ్ళు అందరితో పాటు నేనూ తాగాను. ఆంటీ అటు చివర కూర్చుని ఉంది, నా వైపు చూడటం లేదు. భోజనాలయ్యాక పెద్దాయన ఒకాయన నాకు సైగ చేశాడు. లేచాను. ఆ రోజున చెప్పకుండా మిగిల్చినది, ఆ తరవాత చేసినది రెండూ కలిపి చెప్పాను. అక్కడ నేను అన్న మాటలివి:

"ఈ ఆంటీ తమ్ముడు నాకేమవుతాడో ఆ రోజు మీ ముందు చెప్పలేదు. ఈ దేశంలో భయం లేకుండా నేను పక్కన కూర్చున్న మొదటి మనిషి ఆయన. నన్ను డ్రైవర్ అనేవాడు. ఆయన గుర్రాన్ని మీరు నా చేతికిచ్చారు. నేను దాన్ని తూకానికి అమ్మాను. ఆపగలిగి ఉండి ఆపలేదు. దానికి పిల్ల పుట్టలేదు. పుట్టిందని చెప్పింది నేను, ఆంటీ కాదు. ఆమె మీతో చెప్పిన అబద్ధం నాది. మీరు ఎదురు చూడవలసిన గుర్రం ఎక్కడా లేదు. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. నన్ను క్షమించమని అడిగే వరస కూడా నాకు మిగల్లేదు. అయినా అడుగుతున్నాను. ఆంటీ, తప్పు చేశాను. క్షమించండి."